మీ ప్రశ్నలు – మా జవాబులు: ఎలక్ట్రోస్టాటిక్ స్పీకర్ మూగబోతే

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే విషయం మీద ఉన్నాయి. ఇంట్లో ఎలక్ట్రోస్టాటిక్ స్పీకర్లు మొరాయిస్తున్నాయి, శబ్దం పుట్టించే భాగమైన ప్యానెల్‌ని మార్చాలా వద్దా అని. అందుకే మిగతా ప్రశ్నలు పక్కనపెట్టి ఈ వారం అంతా దీనికే ఇస్తున్నాం.

ప్రశ్న: ఆరేళ్లుగా వాడుతున్న జతలో ఎడమ స్పీకర్ నెల రోజులుగా మెల్లగా వినిపిస్తోంది. పాట పెట్టిన కొత్తలో దాదాపు వినపడదు, అరగంటకు కాస్త పుంజుకుంటుంది కానీ కుడిదాన్ని అందుకోదు. ప్యానెల్ పోయింది, కొత్తది వేయాల్సిందే అన్నారు మెకానిక్. నిజమేనా అండీ?

ప్యానెల్ పోయిందని అప్పుడే ఒప్పుకోకండి. మీరు చెప్పిన లక్షణాల్లో ఒకటి నాకు చాలా ముఖ్యంగా కనిపిస్తోంది, అదే అరగంటకు పుంజుకోవడం. పొర చిరిగిపోయిన ప్యానెల్ అలా పుంజుకోదు.

ముందు తేలిక పని. యాంప్లిఫయర్ ఆఫ్ చేసి ఎడమ, కుడి స్పీకర్ వైర్లు స్పీకర్ల వైపు కొస దగ్గర అటుదిటు మార్చండి. ఇప్పుడు కుడిది మెల్లగా వినిపిస్తే తప్పు యాంప్లిఫయర్‌దో వైర్‌దో, స్పీకర్‌ని ముట్టుకోనక్కర్లేదు. అప్పటికీ ఎడమదే మెల్లగా ఉంటే, దానికి కరెంటు అందుతోందా, లోపల ఫ్యూజ్ బాగుందా చూడండి. ఎలక్ట్రోస్టాటిక్ స్పీకర్‌కి మామూలు స్పీకర్‌లా పాట వైరు ఒక్కటే సరిపోదు, గోడ ప్లగ్ కూడా కావాలి. ఊడ్చేటప్పుడు ఆ ప్లగ్ కాస్త వదులై, నెలల తరబడి ఎవరూ గమనించని ఇళ్లు నాకు తెలుసు.

ఇవన్నీ బాగుంటే అసలు సంగతికి వద్దాం. ఈ స్పీకర్ మధ్యలో ఒక పల్చటి ప్లాస్టిక్ పొర ఉంటుంది. మన తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు అనుకుంటే ఈ పొర 3 నుంచి 12 మైక్రాన్లే. దానికి ముందొకటి వెనకొకటి రంధ్రాలున్న లోహపు పలకలు, వాటినే స్టేటర్లు అంటాం. ఈ మూడూ కలిసిందే ప్యానెల్. పొర మీద కొన్ని వేల వోల్టుల ఛార్జ్ నిలిచి ఉంటుంది, పాట సిగ్నల్ ఒక స్టెప్-అప్ ట్రాన్స్‌ఫార్మర్ గుండా పెరిగి పెద్దదై ఆ రెండు పలకలకీ వెళ్తుంది, ఒక పలక లాగితే రెండోది నెడుతుంది, పొర ఊగుతుంది, మనకు పాట వినపడుతుంది. పొర మీద ఛార్జ్ సగమైతే ధ్వని పీడనమూ సగమే, అంటే 6 డెసిబెల్స్ తగ్గినట్టు. మీ ఎడమ స్పీకర్‌లో జరుగుతున్నది ఇదే అని నా గట్టి నమ్మకం. పొర ఉంది, దాని మీద చాలినంత ఛార్జ్ లేదు. ఎందుకు లేదో వెతకాలి.

ఛార్జ్ తగ్గడానికి దారులు మూడే. సప్లయ్ బోర్డు (పొర మీద నిలిచే ఛార్జ్‌ని బయాస్ అంటాం కాబట్టి దీన్నే బయాస్ బోర్డు అనీ అంటాం) చాలినంత వోల్టేజ్ తయారు చేయకపోవడం, తయారైనది పొర దాకా చేరకపోవడం, చేరినది ఎక్కడో కారిపోవడం. మీ దగ్గర ఒకే రకం స్పీకర్లు రెండున్నాయి కాబట్టి మీరు అదృష్టవంతులు. రెండింటి బయాస్ బోర్డులూ మార్చి పెట్టండి (ప్లగ్ తీసి, ఛార్జ్ పూర్తిగా దిగాక మాత్రమే, దాని గురించి కింద వేరే జవాబులో రాశాను). జబ్బు బోర్డుతో పాటు కుడివైపు వెళ్తే బోర్డే దోషి. ఆ బోర్డు మీద మెట్లు మెట్లుగా పేర్చిన డయోడ్లు, కెపాసిటర్లు కనిపిస్తాయి. ఒక్కో మెట్టు కొంచెం కొంచెం వోల్టేజ్ పెంచుకుంటూ పోతుంది, మధ్యలో ఒక్క కెపాసిటర్ లీకైనా పైమెట్లన్నీ కుంగిపోతాయి. ఒక్కటి దొరికింది కదా అని ఒక్కటే మార్చకండి. అన్నీ ఒకే వయసువి, ఒకే వేడి, ఒకే ఒత్తిడి తిన్నవి, మొత్తం మెట్లన్నీ ఒకేసారి మార్చేయండి, ఖర్చు పెద్దగా ఉండదు. వోల్టేజ్ రేటింగ్ మాత్రం పాతవాటికి తగ్గకూడదు. సోల్డర్ వేశాక ప్రతి టంకం చుక్కా గుండ్రంగా, నున్నగా ఉండాలి. ముల్లులా మొన తేలి ఉంటే ఆ మొన నుంచే ఛార్జ్ గాల్లోకి పోతుంది. బోర్డు మీద మిగిలిన ఫ్లక్స్ జిగురుని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి ఆరబెట్టండి, అది కూడా తేమ పీల్చి లీకేజీకి దారి ఇస్తుంది.

జబ్బు బోర్డుతో వెళ్లకుండా ఎడమ స్పీకర్‌లోనే ఉండిపోతే, బోర్డు నుంచి పొరకు వెళ్లే కనెక్షన్ చూడండి. ప్యానెల్ అంచున ఒక చిన్న స్క్రూ గానీ, రాగి రేకు పట్టీ గానీ ఉంటుంది, అక్కడి నుంచే ఛార్జ్ పొర మీదికి ఎక్కుతుంది. నేను మొదటిసారి బాగుచేసిన జతలో తప్పంతా ఆ ఒక్క స్క్రూలో ఉంది. స్క్రూ తల కింద పచ్చటి చిలుము పట్టి ఉంది, ఆవగింజంత కూడా లేదు. స్పిరిట్‌లో ముంచిన ఇయర్‌బడ్‌తో తుడిచి, రేకు సన్నటి గరుకు కాగితంతో ఒక్కసారి రుద్ది బిగించాను, పావుగంటలో ఆ స్పీకర్ పక్కదానితో సమానంగా పాడింది. దానికంటే ముందు మూడు వారాలు ప్యానెల్ కోసం తిరిగాను.

ప్రశ్న: నా స్పీకర్లలోంచి ఉండుండి టిక్ టిక్ మంటుంది, వాన పడే రోజుల్లో అయితే నూనెలో ఆవాలు వేసినట్టు చిటపట. పాట ఆపినా ఆగదు. పేలిపోతుందేమోనని టెన్షన్‌గా ఉంది.

పేలదు, ఆ భయం వదిలేయండి. కానీ అలా నడపకండి కూడా, ఎందుకంటే ప్రతి నిప్పురవ్వా పొరలో సూదిమొనంత రంధ్రం చేయగలదు, ఆ రంధ్రం అంచు మాడి, అక్కడే మళ్లీ మళ్లీ రవ్వ దూకుతుంది.

పాట ఆపినా చప్పుడు వస్తోందంటే అది బయాస్ ఛార్జ్ కారుతున్న చప్పుడు. ఎక్కడ కారుతోందో పట్టుకోవడానికి రెండు మంచి ఉపాయాలున్నాయి. రాత్రి గదిలో లైట్లన్నీ ఆపి, తలుపులు వేసి, కళ్లు చీకటికి అలవాటు పడేదాకా ఓ పది నిమిషాలు కూర్చోండి. తర్వాత ప్యానెల్‌ని ముందు నుంచి, పక్క నుంచి చూడండి. రవ్వ దూకుతుంటే నీలంగా మెరుస్తుంది, ఎప్పుడూ ఒకే చోట. కంటికి కనపడకపోతే రెండోది: మీటరు పొడవున్న పల్చటి ప్లాస్టిక్ గొట్టం తీసుకుని ఒక చివర చెవి దగ్గర, రెండో చివర ప్యానెల్‌కి ఒక జానెడు దూరంలో పెట్టి మెల్లగా జరుపుతూ పోండి. డాక్టర్ స్టెతస్కోప్ పెట్టినట్టే. సుయ్‌మనే శబ్దం ఎక్కడ పెరిగితే అక్కడే మీ లీకేజీ. గొట్టం పొడిగా ఉండాలి, లోపల తీగ ఉన్న గొట్టం అసలు వద్దు, జాలీ తీసేసిన ప్యానెల్ దగ్గర ఈ పని చేయొద్దు.

చాలాసార్లు దొరికేది దుమ్మే. వేల వోల్టుల పొర దుమ్ముని అయస్కాంతంలా లాక్కుంటుంది, ఆ దుమ్ము పొడి వాతావరణంలో ఊరికే కూర్చుంటుంది, గాల్లో తేమ పెరగ్గానే అదే తడిసి కరెంటుకి దారి అవుతుంది. మీకు వానరోజుల్లోనే ఎక్కువ కావడానికి కారణం ఇదే. స్పీకర్ ప్లగ్ తీసి కనీసం ఒక రాత్రంతా వదిలేయండి, ఛార్జ్ ఉండగా దుమ్ము వదలదు. మర్నాడు వాక్యూమ్ క్లీనర్‌కి మెత్తటి బ్రష్ తగిలించి, తక్కువ వేగంలో, బయటి నుంచే పైనుంచి కిందికి లాగండి. గాలి ఊదకండి, ఊదితే దుమ్ము ఇంకా లోపలికి పోతుంది. మీ స్పీకర్‌కి ముందు పల్చటి డస్ట్ కవర్ ఉండే రకమైతే వాక్యూమ్ దాని దగ్గరికి అస్సలు తీసుకెళ్లొద్దు, ఒక్క పీల్పుకి చిరుగుతుంది.

శుభ్రం చేశాక కూడా ఒకే చోట రవ్వ వస్తుంటే అక్కడ చిన్న పురుగు ఎండి అతుక్కుని ఉండొచ్చు, లేదా స్టేటర్ మీది పెయింటు రాలి ఉండొచ్చు, లేదా పాత ప్యానెళ్లలో అయితే స్టేటర్‌ని ఫ్రేమ్‌కి అతికించిన జిగురు ఎండిపోయి పలక లోపలికి ఉబ్బి ఉండొచ్చు. ఈ మూడోదాన్ని ఇంట్లో శుభ్రం చేసి సరిపెట్టలేం, ప్యానెల్ విప్పి మళ్లీ అతికించాలి.

ప్రశ్న: స్పీకర్‌లో 5,000 వోల్టులు ఉండాలన్నారు. పొర కనెక్షన్ దగ్గర మల్టీమీటర్ పెడితే 450 చూపిస్తోంది. బోర్డు పోయినట్టేగా?

పోలేదు, బహుశా భేషుగ్గా ఉంది. మళ్లీ మాత్రం అలా పెట్టొద్దు, పొర మీద నిలిచిన ఛార్జ్ ఒక్కసారిగా మీటర్‌లోకి దిగితే మీటర్ మాడిపోతుంది.

లెక్క చూడండి. బోర్డు చివర పొరకి వెళ్లే దారిలో ఒక పెద్ద రెసిస్టర్ ఉంటుంది, మీదాంట్లో 100 మెగాఓమ్‌లు అనుకుందాం. మామూలు డిజిటల్ మల్టీమీటర్ సొంత రెసిస్టెన్స్ 10 మెగాఓమ్‌లు. రెండూ కలిసి 110. 5,000 వోల్టుల్లో మీటర్ వాటాకి వచ్చేది పదకొండో వంతు, అంటే 454 వోల్టులు. మీకు కనిపించింది అదే. మీరు కొలిచింది స్పీకర్‌ని కాదు, మీ మీటర్ దాని మీద వేసిన బరువుని. 1,000 మెగాఓమ్‌ల హై వోల్టేజ్ ప్రోబ్ దొరికితే అదే చోట సుమారు 4,545 చూపిస్తుంది, రెసిస్టర్‌కి ముందు పెడితే దాదాపు పూర్తి 5,000. ప్రోబ్ లేకపోతే పైన చెప్పినట్టు బోర్డులు మార్చి చూసే పద్ధతే నయం.

ఎంత ఉండాలన్నది మోడల్‌ని బట్టి మారుతుంది. క్వాడ్ కంపెనీ 1957లో తెచ్చిన స్పీకర్‌లో బేస్ ప్యానెళ్లకి సుమారు 6,000 వోల్టులు, మధ్యలో ఉన్న ట్రెబుల్ ప్యానెల్‌కి సుమారు 1,500. ఒకే పెట్టెలో రెండు వోల్టేజీలన్నమాట. అదే కంపెనీ 1981లో తెచ్చిన ఈఎస్ఎల్-63లో 5,250 దాకా. మీ మోడల్ సర్వీస్ మాన్యువల్ చూడకుండా ఎవరో చెప్పిన అంకె పట్టుకుని కూర్చోకండి.

ప్రశ్న: ఇంట్లో చిన్నపిల్లలున్నారు. ఇంత వోల్టేజ్ ఉన్నది ఇంట్లో పెట్టుకోవచ్చా? నేను విప్పి బాగుచేయాలంటే ప్రాణానికి ముప్పా?

జాలీ, వెనక మూత బిగించి ఉన్నంత వరకు భయం లేదు, అది రోజూ వాడే వస్తువుగానే తయారైంది. పిల్లలు తీగలూ పిన్నులూ రంధ్రాల్లో దూర్చకుండా చూసుకోండి చాలు.

విప్పడం సంగతి వేరు, ఇక్కడ ఒక్కమాట దయచేసి శ్రద్ధగా చదవండి. అందరూ 5,000 వోల్టుల బయాస్ అంటే హడలిపోతారు. పెద్ద రెసిస్టర్ దాటాక దాని దగ్గర కరెంటు బలం చాలా తక్కువ, గట్టిగా చురుక్కుమంటుంది, చెయ్యి విదిలిస్తాం. ఆ విదిలింపులో మోచెయ్యి పొరకి తగిలి చిరిగిన సందర్భాలే ఎక్కువ. నిజంగా ప్రమాదమైనవి వేరే రెండు. ఒకటి గోడ నుంచి వచ్చే మెయిన్స్. రెండోది చాలామందికి తట్టనిది, పాట నడుస్తుండగా స్టెప్-అప్ ట్రాన్స్‌ఫార్మర్ నుంచి స్టేటర్లకి వెళ్లే వైర్లు. అక్కడ కూడా వేల వోల్టులే, పైగా వెనకాల యాంప్లిఫయర్ బలమంతా ఉంటుంది. మూత తీసి ఉన్న స్పీకర్‌కి పాట పెట్టి వైర్ల దగ్గర చెయ్యి పెట్టడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే.

కాబట్టి మూత తీసేముందు ప్లగ్ తీయండి, యాంప్లిఫయర్ వైర్లు కూడా విప్పేయండి, కొన్ని గంటలు ఆగండి. తర్వాత ఒక పొడవాటి ప్లాస్టిక్ కర్రకి హై వోల్టేజ్‌కి పనికొచ్చే కొన్ని మెగాఓమ్‌ల రెసిస్టర్ కట్టి, రెసిస్టర్ ఒక చివర ఛాసిస్‌కి, అంటే స్పీకర్ లోహపు చట్రానికి, బిగించి, రెండో చివరతో బయాస్ కనెక్షన్‌నీ, బోర్డు మీది ఒక్కో కెపాసిటర్‌నీ ముట్టించి కాసేపు పట్టుకోండి. స్క్రూడ్రైవర్‌తో టప్‌మని షార్ట్ చేసే అలవాటు వద్దు. పనిచేసేటప్పుడు ఒక చెయ్యి జేబులో, గుండె మీదుగా కరెంటు ఈ చేతి నుంచి ఆ చేతికి పోయే దారి లేకుండా. ఇంట్లో ఇంకొకరు మేలుకుని ఉన్నప్పుడే ఈ పని పెట్టుకోండి.

ప్రశ్న: కొన్ని గొంతులు వచ్చినప్పుడే గుర్రుమని ఒక కంపనం. మిగతా అంతా బాగుంది.

డస్ట్ కవర్ ఉండే రకమైతే తొంభై పాళ్లు అదే. ప్యానెల్ ముందూ వెనకా బిగించిన ఆ పల్చటి పొర వయసుతో వదులై, ఒక శబ్దం దగ్గర తనూ ఊగడం మొదలుపెడుతుంది. హెయిర్ డ్రయర్‌ని జానెడు దూరంలో పట్టుకుని, ఆపకుండా కదుపుతూ, అంచుల నుంచి మధ్యకి వేడి చేస్తే ముడతలు కళ్ల ముందే సాగి డోలు చర్మంలా బిగుస్తుంది. ఒకేచోట నిలిపారంటే రంధ్రం పడుతుంది. చిరిగి ఉంటే కొత్త పొర వేసుకోవాల్సిందే, కవర్ లేకుండా మాత్రం నడపకండి.

కవర్ బాగుంటే జాలీ స్క్రూలు, ఫ్రేమ్ మూలలు చేత్తో అదిమి చూడండి. అదీ కాకపోతే అసలు పొరే వదులై స్టేటర్‌కి తగులుతోందేమో. అప్పుడు బేస్ వచ్చినప్పుడల్లా పట్‌మని కొట్టుకుంటుంది, ఒక్కోసారి అటువైపు అతుక్కుపోయి ఆ ప్యానెల్ పాడడమే మానేస్తుంది.

ప్రశ్న: స్పీకర్లు బాగున్నాయి కానీ యాంప్లిఫయర్ కాలిపోతున్నంత వేడెక్కి ఆగిపోతోంది. మామూలు స్పీకర్లకి ఇదే యాంప్లిఫయర్ చక్కగా పనిచేసింది.

ఎలక్ట్రోస్టాటిక్ ప్యానెల్ యాంప్లిఫయర్ కంటికి ఒక కెపాసిటర్. శబ్దం శ్రుతి పెరిగే కొద్దీ దాని ఇంపిడెన్స్, అంటే కరెంటుకి అది పెట్టే అడ్డు, పడిపోతుంది, పై కొసన చాలా మోడళ్లలో 2 ఓమ్‌ల కిందికి కూడా. మామూలు స్పీకర్లకి సరిపోయే యాంప్లిఫయర్లన్నీ దీన్ని తట్టుకోవు, కొన్నైతే మనకి వినపడని ఫ్రీక్వెన్సీలో తమంతట తామే ఊగడం మొదలుపెట్టి వేడెక్కుతాయి. స్పీకర్ వైరుతో వరసలో 1 ఓమ్, కనీసం 10 వాట్ల రెసిస్టర్ ఒకటి పెట్టి చూడండి, పై కొస ఒక పిసరు మెత్తబడుతుంది గానీ యాంప్లిఫయర్ ఊపిరి పీల్చుకుంటుంది. దాంతోనూ ఆగిపోతుంటే ఇంకో సంగతి ఉంది. ఈఎస్ఎల్-63 లాంటి కొన్ని స్పీకర్లలో లోపల రవ్వ దూకితే పసిగట్టి, ప్యానెల్‌ని కాపాడటానికి ఇన్‌పుట్‌నే షార్ట్ చేసే సర్క్యూట్ ఉంటుంది. అప్పుడు ఆగిపోయిన యాంప్లిఫయర్ తప్పు కాదు, ప్యానెల్‌లో రవ్వ ఎక్కడుందో వెతకాలి.

ప్రశ్న: అన్నీ చూశాను సార్. బోర్డు బాగుంది, కనెక్షన్ బాగుంది, దుమ్ము లేదు. పొర మీది పూత పోయిందనిపిస్తోంది. గ్రాఫైట్ పొడి రుద్దితే చాలన్నాడు స్నేహితుడు. చేసేయమంటారా?

అన్నీ చూశాకే ఈ ప్రశ్న అడిగారు కాబట్టి మనస్ఫూర్తిగా చేయమనే చెప్తాను. ప్యానెల్ విప్పగలిగే రకమా, అంటే స్క్రూలో రివెట్లో ఉన్నాయా చూడండి. స్టేటర్లు శాశ్వతంగా అతికించేసిన ప్యానెల్ అయితే విప్పే ప్రయత్నంలోనే పోతుంది.

మీ స్నేహితుడు చెప్పింది నిజమే కానీ సగమే. గ్రాఫైట్ రుద్దడం తేలిక, ఎక్కువ రుద్దకపోవడం కష్టం. పొర మీద పూత కరెంటుని మోయాలి గానీ సులువుగా మోయకూడదు. పూత మరీ చురుగ్గా ఉంటే పొర ఊగిన ప్రతిసారీ ఛార్జ్ అంతా స్టేటర్‌కి దగ్గరైన చోటికి పరుగెత్తుతుంది, శబ్దం వంకరపోతుంది, ఎక్కడైనా రవ్వ పుడితే పొర మీది ఛార్జ్ మొత్తం ఆ ఒక్క చోటే దిగబడి రంధ్రం చేస్తుంది. అందుకే పూత రెసిస్టెన్స్ వందల మెగాఓమ్‌ల నుంచి ఆ పైన ఉండాలి. మామూలు మల్టీమీటర్ ప్రోబ్‌లు సెంటీమీటర్ దూరంలో పెడితే ఏదైనా అంకె చూపించిందంటే మీరు ఎక్కువ రుద్దినట్టే.

నా పద్ధతి చెప్తాను. కొత్త పొరని బల్ల మీద అన్ని వైపులా సమానంగా లాగి, ఫ్రేమ్‌కి రెండువైపులా జిగురుండే టేపుతో అతికిస్తాను. ఫ్రేమ్ మీదికి ఎక్కాక వేలితో మెల్లగా మీటితే ఎక్కడ మీటినా ఒకే శబ్దం రావాలి, ఒక మూల బొంగురుగా పలికితే అక్కడ లాగుడు తక్కువన్నమాట. అప్పుడు చేతికి గ్లవ్స్ వేసుకుని, దూదికి చిటికెడంటే చిటికెడు గ్రాఫైట్ అద్ది, చిన్న చిన్న గుండ్రాలుగా రుద్దుతాను. మొదట బూడిద రంగు కనిపిస్తుంది. తర్వాత శుభ్రమైన దూది తీసుకుని ఆ బూడిద రంగంతా తుడిచేస్తాను, దూది మారుస్తూ, తెల్ల దూదికి మసి అంటడం ఆగేదాకా. చూస్తే పొర మీద ఏమీ మిగిలినట్టు ఉండదు, వెలుతురుకి అడ్డం పెడితే లీలగా పొగ పట్టినట్టు ఉంటుంది, అంతే. ఆ లీలగా ఉన్నదే చాలు. అంచుల్లో ఒక వేలెడు మేర పూత లేకుండా వదలాలి, కనెక్షన్ రేకు తగిలే చోట తప్ప. అంచు దాకా రుద్దితే ఛార్జ్ ఫ్రేమ్ మీదుగా కారుతుంది.

నేను చేసిన మొదటి పొరకి తుడవడం సరిగా చేయలేదు. ఎక్కువ గ్రాఫైట్ ఉంటే ఎక్కువ సౌండ్ వస్తుందనుకున్నాను. బిగించి కరెంటిచ్చిన నాలుగో రోజు కింది మూలలో టప్‌మంది, విప్పి చూస్తే కంది గింజంత రంధ్రం, చుట్టూ గోధుమరంగు వలయం. రెండోసారి ఒక సాయంత్రమంతా తుడిచాను. ఆ ప్యానెల్ ఇప్పటికీ పాడుతోంది.

ఇంకొకటి, బిగించాక వెంటనే గట్టిగా పాట పెట్టకండి. కరెంటిచ్చి ఒక రాత్రంతా ఊరికే వదిలేయండి, ఛార్జ్ పొరంతా మెల్లగా పాకనివ్వండి. మర్నాడు పొద్దున తక్కువ సౌండ్‌లో ఒక గొంతు, ఒక వాయిద్యం ఉన్న పాట ఏదైనా పెట్టి, చెవి ప్యానెల్ పై అంచు నుంచి కింది అంచు దాకా జరుపుతూ వినండి. ఎక్కడా శబ్దం గుంట పడకుండా ఒకేలా వినిపిస్తే జాలీ బిగించేయొచ్చు.